గాలి అందరికీ ఒకటే, చావు మాత్రం ఒకటి కాదు
(దుత్తలూరులో పాళేల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దుత్తలూరులో కూచుని తుఫాను గురించి మాట్లాడేదేంది, సముద్రం యాడ, మనం యాడ అని కొందరు అడుగుతుండారు. అడగాల్సిన మాటే. మనది మెట్ట. బోరు ఎండింది, చెరువు నిండలేదు, పనికి పైదేశం పోవాల అని మాట్లాడుకునే నేల ఇది. ఇక్కడ తుఫాను ఊసెందుకు?

రెండు కారణాలు చెబుతాం. ఒకటి, మన పాళేలనుంచి పనికోసం పల్లపు ఊళ్లకు దిగిపోయే వాళ్లున్నారు. నాట్లకు పోతారు, రొయ్యల గుంటల కాడ కాపలాకు పోతారు. నెల్లూరు డెల్టాలో నాట్లు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే తుఫాన్లు పుట్టే నెలలు. పని వెతుక్కుంటూ పోయిన మనిషి తుఫానుకు ఎదురు పోతున్నాడన్నమాట. రెండోది, తుఫాను తీరం దాటితే గాలి తగ్గుతుందేగాని వాన తగ్గదు. మేఘం పడమటికి వచ్చి మన ఉదయగిరి కొండల మీద, వెలిగొండల మీద కుమ్మరిస్తుంది. ఆ నీళ్లు చెరువుల్లోకి, వాగుల్లోకి, మన మట్టిగోడల్లోకి వస్తాయి.

అందుకని ఈ మాట మన మాటే.

మూడు సంగతులు

తుఫాను వస్తే ఎంతమంది చస్తారన్నది మూడిటి మీద ఆధారపడి ఉంటుంది. తుఫాను బలం ఎంత? మనిషి ఉన్న ఇల్లు ఎట్టాంటిది? వేళకు ఆ ఇల్లు వదిలి మంచి చోటికి పోగలిగాడా లేదా? మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. మిగతా రెండూ మనుషుల చేతిలోనే ఉన్నాయి. ఏ మనుషుల చేతిలో ఉన్నాయన్నదే ఇవాళ మనం తేల్చుకోవాల్సింది.

ముందు బలం సంగతి. రేడియోలో, టీవీలో వాయుగుండం అంటారు, తుఫాను అంటారు, తీవ్ర తుఫాను అంటారు. ఇవి ఊరికే పెట్టిన పేర్లు కావు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను. 89కి చేరితే తీవ్ర తుఫాను. 118 దాటితే ఇంకా పైమెట్టు. 220 దాటితే సూపర్ సైక్లోను. ఇందులో ఒక లెక్క గుర్తుపెట్టుకోవాల. గాలి వేగం రెండింతలైతే అది గోడను నెట్టే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. 100 కిలోమీటర్ల గాలికి నిలిచిన కప్పు 200 కిలోమీటర్ల గాలికి నిలుస్తుందని ఎవరూ అనుకోకూడదు.

అయితే తీరంలో మనుషుల్ని ఎక్కువగా చంపేది గాలి కాదు, నీళ్లు. గాలి సముద్రాన్ని నెట్టుకొచ్చి ఒడ్డుమీద పోస్తుంది. దాన్నే ఉప్పెన అంటారు. తీరం పల్లమైతే, సముద్రం లోతు తక్కువైతే, అదే వేళకు పోటు కూడా ఉంటే ఉప్పెన ఇంకా ఎత్తు లేస్తుంది. ఇంకో మోసం ఉంది. తుఫాను నడిబొడ్డున కన్ను ఉంటుంది. అది మన మీదికి వచ్చినప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పోయిందిలే అని జనం బయటికొస్తారు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్లీ అంత గాలీ కొడుతుంది. ఆ నడిమి వేళ బయటికొచ్చి చచ్చినవాళ్లు ఎందరో. గాలి ఆగితే తుఫాను పోయినట్టు కాదు. పోయిందని అధికారికంగా చెప్పేదాకా కదలకూడదు.

దివిసీమ చెప్పిన పాఠం

1977 నవంబరు 19. కృష్ణా జిల్లా దివిసీమ. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి ఊళ్ల మీద పడింది. ఇంచుమించు 10 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువని చెప్పేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. డాబా ఎక్కినవాళ్లు, గుడో బడో పట్టుకున్నవాళ్లు చాలామంది బతికారు. గుడిసెలో ఉన్నవాడికి ఎక్కడానికి ఏముంది? నీళ్లు అడుగులో ఉన్నప్పుడే గుడిసె లేచిపోయింది.

పదమూడేళ్లకు, 1990 మే 9న, అదే కృష్ణా తీరాన ఇంకో తుఫాను దాటింది. బలంలో దానికి తీసిపోయింది కాదు. ఉప్పెన కూడా నాలుగైదు మీటర్లు లేచింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యికి లోపు. వెయ్యిమంది చావు చిన్నదని మేం అనటం లేదు. కానీ పది వేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ? నడుమ ఏం మారింది? సముద్రం మారలేదు. గాలి మారలేదు. 1977 తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. ఉపగ్రహం చూసి చెప్పే ఏర్పాటు వచ్చింది. 1990లో గాలి రాకముందే 6 లక్షలమందికి పైగా జనాన్ని తీరంనుంచి తరలించారు. మారింది ఇదీ. పది వేలమంది పోయింది దేవుడి రాతవల్ల అయితే, పదమూడేళ్లలో దేవుడు రాత మార్చాడనుకోవాలా?

పని జరగకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 1996 నవంబరు 6న కోనసీమమీద పడిన తుఫాను 1990 దానికంటే బలంలో తక్కువే. అయినా వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రంలో వేటకు పోయిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. నడిసముద్రంలో ఉన్న పడవకు కబురు చేరకపోతే రేడియోలో ఎంత అరిస్తే ఏం లాభం? హెచ్చరిక అంటే చెప్పడం కాదు, చేరడం.

మన కావలి తుఫాను

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 1989 నవంబరు 8, 9 తేదీల్లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు చెప్పాల. అది బంగాళాఖాతంలో పుట్టింది కాదు. థాయిలాండ్ సముద్రంలో పుట్టి, ఆ దేశంలో వందలమందిని చంపి, నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలం పుంజుకుని మన కావలిమీద పడింది. ప్రపంచం దానికి పెట్టిన పేరు గే. గంటకు 230 కిలోమీటర్ల దాకా గాలి. అంటే సూపర్ సైక్లోను లెక్క. బలంలో చూస్తే దివిసీమ తుఫానుకు చిన్నది కాదు.

మన దేశంలో దానివల్ల పోయినవాళ్లు 69 మంది. ఎందుకు తగ్గింది? నిజం నిజంగా చెప్పుకోవాల. ముందే జనాన్ని తరలించడం ఒక కారణం. ఆ తుఫాను చుట్టుకొలతలో చిన్నది కావడం ఇంకో కారణం. కావలి తీరం దివిసీమ అంత పల్లం కాకపోవడం, అంత జనం లేకపోవడం కూడా ఒక కారణం. కాబట్టి మేం గెలిచాం అని చంకలు గుద్దుకోవాల్సిన పని లేదు. అట్టాంటి గాలి వచ్చే ఏడు ఇంకో చోట పడొచ్చు.

ఆ తుఫానులోనే రెండో లెక్క ఉంది, అది ఎవరూ చెప్పరు. సుమారు 20 వేల ఇళ్లు కూలాయి, పాడయ్యాయి. లక్షమంది నిలువ నీడ లేకుండా పోయారు. తరలించినందువల్ల ప్రాణం దక్కింది. ఇల్లు దక్కలేదు. కూలిన ఇళ్లు ఎవరివి? స్లాబు ఇళ్లా, మిద్దెలా? పట్టపుపాళేలవి, మాలమాదిగ పాళేలవి, యానాది సంగాలవి. తరలించడం మనిషిని కాపాడుతుంది. మనిషి బతుకును కాపాడేది ఇల్లు. రెండూ కావాల. ఒకటి ఇచ్చి రెండోది ఇచ్చేశామంటే ఒప్పుకోకూడదు.

ఇల్లు ఎట్టా కూలుతుంది?

మన పాళేల్లో ఇళ్లు మూడు రకాలు. మట్టిగోడమీద బోదకప్పు ఒకటి. రేకుల ఇల్లు ఒకటి. కాలనీ స్లాబు ఒకటి.

బోదకప్పు గాలికి లేచిపోతుంది. అయితే మనిషిని చంపేది కప్పు కాదు, గోడ. మట్టిగోడ గాలికంటే నీళ్లకు పడుతుంది. రెండు దినాల వానకు అడుగు నాని, రాత్రి నిద్రలో మీద పడుతుంది. వాన ఆగి ఎండ కాశాక కూడా పడుతుంది. అందుకని వాన ఆగిందని ఆ రాత్రే నానిన గోడ పక్కన పడుకోకూడదు. గోడ అడుగున మోకాలెత్తు రాయి పెట్టి, చూరు నీళ్లు గోడకు తగలకుండా దూరంగా పోయేట్టు చిన్న కాలువ తీస్తే ఆ గోడ ఎంతో కాలం నిలుస్తుంది.

రేకుల ఇంట్లో గాలి చూరు కిందనుంచి దూరి కప్పును పైకి నెడుతుంది. పైనుంచి పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది. కింద నెట్టుడు, పైన లాగుడు. మేకులు ఊడాయంటే ఆ రేకు ఎగిరే కత్తి. మనం రేకులమీద బండరాళ్లు పెట్టి ధైర్యంగా ఉంటాం. పెద్ద గాలికి రేకుతోపాటు రాయి కూడా వస్తుంది, తలకాయమీదికి వస్తుంది. రాయి కాదు కావాల్సింది, కట్టు. వాసానికి కొక్కెం బోల్టు, వాసంనుంచి గోడలో పాతిన ఇనప కడ్డీకి బిగింపు. కప్పు గోడను పట్టుకోవాల, గోడ పునాదిని పట్టుకోవాల. నడుమ ఒక్క ముడి వదులైనా ఇల్లు అక్కడే విడిపోతుంది.

స్లాబు ఇల్లు నిలుస్తుంది. కానీ సరిగ్గా కడితేనే. లోతులేని పునాది, చాలీచాలని సిమెంటు, బిల్లు రాక సగంలో ఆగిన గోడలు. పైన కప్పు లేని ఒంటిగోడ అన్నిటికంటే ముందు పడుతుంది. ఆ మొండిగోడల నీడన మన పిల్లలు ఆడుకుంటుండారు.

ఇదంతా ఎట్టా కట్టాలన్న సంగతి. ఎక్కడ కట్టాలన్నది అంతకంటే పెద్ద సంగతి. ఊరు మిట్టన ఉంటుంది, పాళెం పల్లంలో ఉంటుంది. చెరువు కట్ట కింద ఎవరు? వాగు ఒడ్డున ఎవరు? కాలనీకి స్థలమిచ్చామని చెప్పి నీళ్లు నిలిచే గుంట చూపిస్తే, ఆ పట్టాకాగితం మీద ఇల్లు కాదు, వరద రాసిచ్చినట్టు. ఆ చోటు సముద్రం ఎంచింది కాదు, గాలి ఎంచింది కాదు. కులం ఎంచింది.

కదలమంటే కదలరంటారు

తరలించే వేళకు అధికారులు ఒక మాట అంటుంటారు. చెప్పినా వినరు, ఇళ్లు వదలరు, మూర్ఖులు అని. మన జనం ఎందుకు కదలరో ఎప్పుడైనా అడిగారా?

ఇంట్లో రెండు మేకలుంటాయి. అవే ఆ ఇంటి బ్యాంకు. వాటిని తోలుకు రావద్దంటారు. నెలలు నిండిన కోడలుంటుంది. నడవలేని ముసలమ్మ ఉంటుంది. లారీ ఊరి సెంటర్లో ఆగుతుంది, పాళెందాకా రాదు. పోయిన చోట ఆడవాళ్లకు మరుగుండదు. దినమంతా కూలి పోతుంది. పోయినసారి తరలించారు, తుఫాను ఇంకో చోటికి పోయింది, మూడు దినాల కూలి ఎవరిచ్చారు? ఇవన్నీ లెక్కేసుకునే మనిషి మూర్ఖుడు కాడు. అతని లెక్కకు జవాబు చెప్పలేనివాళ్లు అతన్ని మూర్ఖుడంటారు.

ఇంకో కారణం ఉంది, అది నోరువిప్పి చెప్పుకోం. పోయిన చోట మనల్ని రానిస్తారా? రానిస్తే ఎక్కడ కూచోబెడతారు? 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం జిల్లాలో దళితుల్ని కొన్ని శిబిరాల్లో కలవనివ్వలేదని, నీళ్ల దగ్గర, సాయం పంచే దగ్గర వేరు చేశారని హక్కుల సంఘాలు నివేదికలు రాశాయి. ఉప్పెనకు కులం లేదు. ఉప్పెననుంచి బతికినవాడు ఎక్కే మెట్టుకు మాత్రం కులముంది.

పాతకాలంనుంచీ ఊరికి ఆపదొస్తే దండోరా వేసింది ఎవరు? మాదిగ డప్పు. చెరువు తెగుతుందన్నా, కలరా వచ్చిందన్నా ఊరంతటికీ చాటింది మనం. వరద తీశాక శవాలు ఎత్తింది మనం. ఊరికి కబురు చెప్పినవాడి ఇంటికి కబురు ఆఖరున రావడం ఏ న్యాయం?

ఇది మన దేశంలోనే అనుకోవద్దు. అమెరికా అంత ధనిక దేశం ఇంకోటి లేదంటారు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. న్యూ ఆర్లీన్స్ పట్నం ఖాళీ చేయమని ముందురోజే ఆర్డరు వేశారు. కార్లున్నవాళ్లు పోయారు. కార్లులేని పేదలు మిగిలిపోయారు, వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. గట్లు తెగి పట్నం మునిగింది. వెయ్యిమందికి పైగా పోయారు. ఆర్డరు అందరికీ ఒకటే వేశారు, బండి అందరికీ పెట్టలేదు.

బీదదేశం బంగ్లాదేశ్ చూడండి. 1970లో అక్కడ తుఫానుకు కనీసం 3 లక్షలమంది పోయారు. 1972నుంచి వాళ్లు ఊరూరా వాలంటీర్లను తయారుచేశారు. షెల్టర్లు కట్టుకుంటూ వచ్చారు. 1991లో ఇంకా లక్షకు పైగా పోయారు, పని ఆపలేదు. 2007లో సిద్ర్ అనే పెద్ద తుఫానుకు చావులు నాలుగు వేలకు లోపు. మన పక్క ఒడిశాలో 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోనుకు ఇంచుమించు 10 వేలమంది పోతే, 2013 అక్టోబరు 12న ఫైలిన్‌కు సుమారు 10 లక్షలమందిని తరలించారు, చావులు పదుల్లో ఆగాయి. డబ్బుకంటే ముందు కావాల్సింది ఆఖరి ఇంటిదాకా పోవాలన్న పట్టుదల.

మన మెట్టకు వచ్చే ఆపద

2021 నవంబరు గుర్తుందా? అది తుఫాను కూడా కాదు, వట్టి వాయుగుండం. గాలి చూస్తే ఏమీ లేదు. వాన మాత్రం కుమ్మరించింది. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కింద ఊళ్లు కొట్టుకుపోయాయి, పదులమంది ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లన్నీ పెన్నలో పడి సోమశిలకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయి. కోవూరు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది, హైవే తెగింది. గాలి బలం చూసి పేరు పెడతారుగాని, వాన బలం ఆ పేరులో కనబడదు. చిన్న వాయుగుండమే కదా అని మెట్టవాళ్లు పడుకోవడానికి వీల్లేదు.

మనకు ఉప్పెన రాదు. మనకు వచ్చేది చెరువు తెగడం, బొగ్గేరు లాంటి వాగులు ఉన్నట్టుండి పొంగడం, మట్టిగోడ కూలడం, తెగిన కరెంటు తీగ తొక్కడం. ఏళ్ల తరబడి ఎండిన చెరువు ఇంకా ప్రమాదం. కట్ట బీటలు తీసి ఉంటుంది, చెట్లు మొలిచి ఉంటాయి, కలుజు పూడిపోయి ఉంటుంది, కలుజు దిగువన కాలువ ఆక్రమించి ఉంటారు. కరువులో ఎవరూ చూడని కట్ట వానలో ఒక్క రాత్రికి తెగుతుంది.

మనం చేయాల్సింది

అంబేద్కర్ గారిని రాజ్యాంగం రాసిన మనిషిగానే చూస్తాం. 1942నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు దామోదర్ నది వరదల పని, ఒడిశా నదుల పని ఆయన చేతిమీదుగా నడిచింది. వరదను తలరాత అనుకోలేదు, పథకం వేసి లొంగదీయాల్సిన పని అనుకున్నారు. మనమూ అట్టాగే అనుకోవాల.

పాళెం పాళేనికి ఒక చీటీ రాద్దాం. నడవలేనివాళ్లు ఎవరు, గర్భిణులు ఎవరు, ఒంటరి ముసలివాళ్లు ఎవరు, మట్టిగోడ ఇళ్లు ఎన్ని. ఒక్కొక్కరికి మోసుకుపోయే మనిషి పేరు పక్కనే రాయాల. పనికి దిగువకు పోయినవాళ్లు ఏ ఊళ్లో, ఏ మేస్త్రి కింద, ఏ రొయ్యల గుంట కాడ ఉన్నారో రాసి పెట్టాల. అక్కడి ఊరి లిస్టులో వాళ్ల పేరుండదు, ఇక్కడి లిస్టులో మనిషి ఉండడు. రెండు లిస్టుల నడుమ మనిషి మాయం కాకూడదు.

సెప్టెంబరులోపే ఊళ్లో గట్టి స్లాబు బిల్డింగు ఏదో ఎంచి, తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకుని, రెండో తాళం పాళెంలో పెట్టమని అడగాల. చెరువు కట్ట, తూము, కలుజు చూడమని అర్జీ పెట్టి రసీదు తీసుకోవాల. రసీదు లేని అర్జీ గాలికి చెప్పినట్టు. వాన మొదలైతే రాత్రిపూట కట్టమీద కాపలా మన కుర్రోళ్లు, ఊరి కుర్రోళ్లు కలిసి వెయ్యాల. రేషన్ కార్డు, పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాల. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077, రాష్ట్రానిది 1070. బడిగోడమీద, రచ్చబండమీద పెద్ద అక్షరాలతో రాయాల.

అడగాల్సినవి గట్టిగా అడగాల. లారీ పాళెందాకా రావాల. మేకలకు, గొడ్లకు చోటు చూపాల. కాలనీ స్థలం మిట్టన ఇవ్వాల. సగంలో ఆగిన ఇళ్ల బిల్లులు తేల్చాల. నష్టం లెక్క రాసేవాళ్లు పెద్దింటి అరుగుమీద కూచుని కాదు, పాళెంలో నిలబడి రాయాల. ఆ జాబితా పాళెంలోనే అంటించాల. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షను ఉంది. సాయంలోగాని, పరిహారంలోగాని కులం, మతం, ఆడ మగ తేడా చూపకూడదని అందులో రాసి ఉంది. ఆ నంబరు నోటికి రావాల. దయ చూపండయ్యా అని కాదు, 61వ సెక్షను ప్రకారం ఇవ్వండి అని అడగాల.

తుఫాను బలాన్ని మనం తగ్గించలేం. అది వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. కానీ పల్లంలో పాళెం ఎందుకుండాలో, గోడ మట్టిదే ఎందుకు కావాలో, కబురు మనకే ఆఖరున ఎందుకు రావాలో, ఇవి గాలి నిర్ణయించినవి కావు. మనుషులు నిర్ణయించారు. మనుషులు నిర్ణయించిన దాన్ని మనుషులు మార్చగలరు. ఈ నెలలోనే ఏ పాళెం చీటీ ఆ పాళెం రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. చీటీ తెచ్చిన పాళెమే ముందు మాట్లాడుతుంది.

జై భీమ్!